రోగి చెంత నిలుచువారు

(జోగిపేటయందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ మహాసభయందు నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శివర్యులు మమ్ము కోరిరి. బడిపంతులమై, సంస్కృతము చదివినవారమగుటచే, విద్యాభివృద్ధినిగూర్చియో మార్కండేయ భావనాఋషుల చరిత్రనుగూర్చియో మేము మాట్లాడుదుమని మీలో పలువురు తలచియుందురు. కాని యిటీవల మన వాడలలో మేము చూచిన కష్టములు మమ్ము వేఱొక విషయమువైపునకు త్రిప్పినవి. ఇంటికి పెద్దయగు తల్లియో తండ్రియో తలకు గొప్ప దెబ్బ తగిలి ఆస్పత్రిలో స్పృహ లేక పడియున్నప్పుడు ఆ యింటివారు ఏమి చేయవలెను, వారికి మనమేమి చేయవలెను అనునదే నేటి మా ప్రసంగ విషయము. శుభసభలో ఈ ప్రస్తావనయేల యని యెవరైన ననుకొనవచ్చును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వువారిని లోకము నవ్వును గదా! నలుగురమును సుఖముగా కూడియున్న ఇట్టి దినముననే ఆ బావిని త్రవ్వవలెను.

ఈ జోగిపేట సామాన్యమైన ఊరు కాదు. 1930లో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ ప్రథమ సమావేశము సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఇచ్చటనే జరిగినది. ఆ సందర్భముననే మహిళాసభయు జరిగినది. నాటి పెద్దలు పదుగురు కూడి చేయదగిన పనిని ఒక్కరిపై వేయరాదని ఎఱిగినవారు. నేటి మా మాటయు అదియే.

పూర్వము మన వారి జీవనము మగ్గపుగుంతలో గడచెడిది. పిమ్మట కొందఱు షోలాపురమునకు, కొందఱు భివండికి పోయిరి. ఈ ప్రాంతమున మిగిలినవారి బిడ్డలు పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కార్ఖానాలలో చేరిరి. సంగారెడ్డినుండి జోగిపేట ప్రక్కగా నాందేడు మీదుగా అకోలాకు పోవు 161వ జాతీయ రహదారి ఇప్పుడు విశాలమైనది. దారి విశాలమైనకొలది వేగమును హెచ్చినది. రాత్రి పాళీ ముగించుకొని, నిద్రకన్నులతో మోటారు సైకిలుపై తెల్లవాఱకమునుపే ఇల్లు చేరవలెనని వచ్చువారు మన ఇండ్లలో ఎందఱో యున్నారు. వారి తలలపై శిరస్త్రాణములు ఎన్ని యున్నవో మీరే గమనింపుడు. పోలీసువారు కనబడినప్పుడు పెట్టుకొని, వారు కనుమఱుగైనంతనే తీసి హ్యాండిలునకు తగిలించు శిరస్త్రాణము హ్యాండిలునే కాపాడును గాని తలను కాపాడదు.

శిరస్సు

మన పూర్వులు శిరస్సు గౌరవమును లెస్సగా ఎఱిగిరి. చరకసంహిత హృదయము, వస్తి, శిరస్సు అను మూడింటిని మర్మములలో ప్రధానములుగా చెప్పినది. సుశ్రుతుడు దేహమున 107 మర్మములను లెక్కించి, కణతలను తత్క్షణమే ప్రాణము తీయువానిలో చేర్చెను.

ఇప్పటి వైద్యులు ఇందులో ఒక భేదమును చూపుదురు. దెబ్బ తగిలిన క్షణమున మెదడునకు కలుగు గాయము మొదటిది. ఆ తరువాతి గంటలలోను దినములలోను కలుగునది రెండవది. మొదటిదానిని ఎవరును వెనుకకు త్రిప్పజాలరు. రెండవది పుఱ్ఱెలోపల నెత్తురు గడ్డకట్టుటవలనను, మెదడు వాచుటవలనను, ప్రాణవాయువు చాలకపోవుటవలనను, రక్తపుపోటు పడిపోవుటవలనను వచ్చును. పుఱ్ఱె గట్టి పెట్టెవంటిది. అందులో వాపునకు చోటు లేదు. వాచిన మెదడు తన్ను తానే నొక్కుకొనును. వైద్యులు చేయు ప్రయత్నమంతయు ఈ రెండవ గాయమును ఆపుటకే. కావుననే ఒక్కొక్కప్పుడు పుఱ్ఱెయెముకలో కొంత భాగమును తీసి, పొట్టచర్మము క్రిందనో శీతలపేటికయందో భద్రపఱచి, వాపు తగ్గిన కొన్ని నెలలకు తిరిగి అమర్చుదురు. ఇది ముందుగా తెలియని ఇంటివారు గుంటపడిన తలను చూచి గుండె పగిలి ఏడ్చుదురు.

1974లో గ్లాస్గో నగరమున టీస్‌డేల్, జెన్నెట్ అను ఇద్దఱు వైద్యులు స్పృహను కొలుచుటకు ఒక మానమును ఏర్పఱచిరి. కన్నులు తెఱచుటకు 4, మాటకు 5, కదలికకు 6, మొత్తము 15 మార్కులు. ఏ స్పందనయు లేకున్నను 3 వచ్చును. 8గాని అంతకు తక్కువగాని వచ్చినచో గాయము తీవ్రమైనదని యర్థము. మార్కులు వేయుటతో ఆయుష్షు గడపిన మాకు ఈ మానము వెంటనే బోధపడినది. దానితోపాటు, దీనిని బడిమార్కులవలె చూడరాదనియు బోధపడినది. నిన్న 6, నేడు 7 అని పండుగ చేసికొని, మఱునాడు మరల 6 అనగానే క్రుంగిపోవు ఇంటివారు పది దినములలోనే అలసిపోవుదురు. వైద్యులు చూచునది దినములు గడచుకొలది ఆ అంకె పోవు దారిని.

యముని పాశమును త్రోసిపుచ్చిన మార్కండేయుని కథ విని పెరిగినవారము మనము. వైద్యుడు "ఇప్పుడేమియు చెప్పజాలము" అనినప్పుడు మనకు ఓపిక యుండదు. వైద్యునికి తెలియదనియో, దాచుచున్నాడనియో తలచుదుము. మెదడు గాయము విషయమున ఆ మాట తఱచుగా సత్యమైన మాటయే. కోలుకొనుట మొదటి ఆఱు నెలలలో వేగముగాను, ఆ పిమ్మట మెల్లగాను, ఒక్కొక్కరికి ఏండ్ల తరబడిగాను సాగును. ఎంతవఱకు సాగునో మొదటి వారమున ఎవరును తేల్చి చెప్పలేరు.

చతుష్పాదములు

చికిత్సకు నాలుగు పాదములని చరకుడు చెప్పెను: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా రోగి చెంత నిలిచి సేవచేయువాడు. ఔషధముతోను వైద్యునితోను సమానముగా వానిని ఒక పాదముగా లెక్కించుట మన శాస్త్రపు గొప్పతనము. ఒక పాదము విఱిగిన మంచము నిలువదు గదా!

ఆ ఉపస్థాతకు శాస్త్రము నాలుగు గుణములను విధించినది: సేవాక్రమము తెలియుట, నేర్పు, రోగియందు అనురాగము, శుచి. ఇందు అనురాగము నాలుగింటిలో ఒకటి మాత్రమే. మన ఇండ్లలో అనురాగమునకు కొదువ లేదు. తక్కిన మూడింటినే మనము నేర్చుకొనలేదు.

స్పృహ సరిగా లేనివాని నోట నీరు పోసినచో అది ఊపిరితిత్తులలోనికి దిగి ప్రాణమునకే మోసము తెచ్చును. "నోరెండిపోయినది, చెంచెడు తీర్థము పోసితిమి" అను ప్రేమ ఎంత చెఱుపు చేయునో చూడుడు. పసరుమందుల సంగతియు ఇంతియే. ముక్కుగొట్టముగుండ ఆహారము పోయునపుడు తలవైపు ఎత్తి యుంచవలెను. మంచము పట్టినవానిని రెండేసి గంటలకొకమాఱు ప్రక్కకు త్రిప్పకున్నచో వీపునను నడుమునను పుండ్లు పడును. తలగాయమునుండి తప్పించుకొన్నవాడును ఆ పుండ్లవలన క్షీణించును. కీళ్ళు బిగిసిపోకుండ వ్యాయామచికిత్సకులు చూపిన రీతిగా కాలుసేతులను కదలింపవలెను. చేతులు కడుగుకొనక రోగిని తాకరాదు. చూడవచ్చిన ప్రతివాడును నుదుట చేయి వేసి చూచుట శుచిధర్మమునకు విరుద్ధము.

ఇంకొక సంగతి ముందుగా తెలిసియుండవలెను. స్పృహ వచ్చునపుడు రోగి సినిమాలలోవలె కన్నులు తెఱచి బిడ్డలను పేరుపెట్టి పిలువడు. కొందఱు కన్నులు తెఱతురు గాని ఎవరిని చూడరు. కొందఱు గొట్టములు పీకుకొందురు, ఎన్నడు ఎఱుగని బూతులు తిట్టుదురు, కట్టుకొన్న భార్యను "నీవెవతెవు?" అందురు. అది మెదడు కోలుకొనుటలో ఒక దశ. ఆ మాటలు మనిషివి కావు, గాయమువి. ఇది తెలియక హృదయము గాయపడిన భార్యలను బిడ్డలను మేము చూచితిమి.

మేమెఱిగిన ఒక గృహము

పేర్లతో పని లేదు. మన వారిలో ఒకరు, ఏబదినాలుగేండ్లవారు, కార్ఖానా పనినుండి వచ్చుచు దారిలో పడిరి. దారినపోవు వారెవరో 108కి ఫోను చేసిరి. సంగారెడ్డికి, అచ్చటనుండి హైదరాబాదునకు తీసికొనిపోయిరి. శస్త్రచికిత్స జరిగినది. పెద్ద కుమారునిది ఒప్పందపు కూలి. పనికి పోని దినము జీతము లేదు. చిన్న కుమారుడు కళాశాల మానెను. భార్యకు రక్తపుపోటు; ఆమెను చూచుకొనుటకే ఒకరు కావలెను. కడకు ఆస్పత్రి వసారాలో చాప పఱచుకొని కూర్చున్నది పెద్దకోడలు. ఆమె బీడీల పని పోయినది. ఆమె పాప అమ్మమ్మగారి యింట పెరిగినది.

మన వారు చూడరాలేదని చెప్పరాదు. బండ్లు కట్టుకొని వచ్చిరి, పండ్లు తెచ్చిరి, ఆ పండ్లను తినువారు లేరు. వచ్చిన ప్రతివారికిని ఆమె మొదటినుండి కథ చెప్పవలసివచ్చెను. "ఏమైన కావలసిన చెప్పుడు" అని ప్రతివారును అని పోయిరి. మేము పోయినప్పుడు ఆమె అన్న మాటను ఆమె పలుకులలోనే చెప్పుచున్నాము: "సారూ, అందరొచ్చి ఏమైందని అడుగుతున్నరు. ఇయ్యాల రాత్రి మేం కూసుంటం, నువ్వు పొయ్యి పండుకో బిడ్డా అన్నోళ్ళు ఒక్కరు లేరు." నలువది రాత్రులు ఆమె అట్లే గడపినది.

ఆ పెద్దమనిషి బ్రదికెను. అయిదు నెలలకు కఱ్ఱ పట్టుకొని వాకిటిదాక నడచెను. కుడిచేయి స్వాధీనము తప్పినది, మనుమరాలి పేరు ఒక్కొక్కప్పుడు తోచదు, కోపము హెచ్చినది. బంధువులు "గండము గడచినది" అని మఱి రాలేదు. ఆ యింటికి అసలు పని అప్పుడే మొదలైనది. ఆస్పత్రిలో నర్సులు చేసిన సేవయంతయు ఇంటికి వచ్చినంతనే ఆ కోడలి రెండు చేతులపై పడినది.

రెండు లోకప్రసిద్ధ దృష్టాంతములు

1973లో ముంబయి కే.ఈ.ఎం. ఆస్పత్రియందు అరుణా శానబాగ్ అను నర్సుపై ఒక దుర్మార్గుడు దౌర్జన్యము చేసి గొంతు బిగింపగా, మెదడునకు ప్రాణవాయువు అందక ఆమె స్పృహ కోల్పోయెను. 2015 మే నెలలో మరణించువఱకు, దాదాపు 42 ఏండ్లు, ఆ ఆస్పత్రి నర్సులే ఆమెను సాకిరి. ఒక తరమువారు ఉద్యోగవిరమణ చేయగా తరువాతి తరమువారు ఆ సేవను అందుకొనిరి. ఇన్ని ఏండ్లు మంచమునందున్నను ఆమెకు పడకపుండు పడలేదని 2011 నాటి తీర్పులో సుప్రీంకోర్టు వారిని కొనియాడినది. ఆ నర్సులు ఆమెకు రక్తబంధువులు కారు. ఒక్కతెయే ఆ పని చేసియున్నచో ఒక ఏడు నిలిచెడిదా? చేతులు మాఱుటవలననే సేవ చెడక సాగినది.

రెండవది కారుపందెములలో జగద్విజేతయైన జర్మనుదేశీయుడు మైకేల్ షూమాకర్ కథ. 2013 డిసెంబరు 29న మంచుపై జాఱుచు పడి తల రాతికి తాకెను. అప్పుడు తలపై శిరస్త్రాణమున్నది. ఆయనయు ఇద్దఱు బిడ్డల తండ్రి. ఫ్రాన్సులోని గ్రనోబుల్ ఆస్పత్రిలో నెలల తరబడి యుండి, 2014 సెప్టెంబరులో ఇల్లు చేరెను. నాటినుండి ఇంటియందే శుశ్రూష. ధనమున కొదువ లేని ఆ యింటను మెదడు తన నడకను తొందరపఱచుకొనలేదు. ఆయన స్థితిని ఆ కుటుంబము నేటివఱకు లోకమునకు చూపలేదు. ఇది మనము నేర్చుకొనదగిన మర్యాద. గొట్టములతో పడియున్న తండ్రిని చరవాణిలో చిత్రము తీసి పది గుంపులకు పంపుట బంధుధర్మము కాదు. ఆయన తెలివిలో నున్నచో అట్టి చిత్రమునకు ఒప్పుకొనునా యని యోచింపుడు.

వైద్యులు మెదడు మరణించినదని చెప్పినచో

ఇది చెప్పుట కష్టమే, కాని చెప్పవలెను. స్పృహ లేకుండుట వేఱు, మెదడు మరణించుట వేఱు. మొదటిదానిలో ఆశ కలదు, రెండవది మరణమే. 1994 నాటి అవయవమార్పిడి చట్టము ప్రకారము నలుగురు వైద్యులు, కనీసము 6 గంటల యెడముతో, రెండుమాఱులు పరీక్షించి దీనిని నిర్ధారణ చేయవలెను. అప్పుడు అవయవదానమునుగూర్చి ఇంటివారిని అడుగుదురు. మన రాష్ట్రమున 2013నుండి జీవన్‌దాన్ అను పథకము దీనిని నడుపుచున్నది. ఒప్పుకొనుటయు ఒప్పుకొనకుండుటయు ఆ యింటివారి ఇష్టము. ఎట్లు నిర్ణయించినను, "తండ్రిని కోయించినారు" అనిగాని, "పుణ్యము పోగొట్టుకొన్నారు" అనిగాని కులమున ఎవరును నోరెత్తరాదు.

ధనము, చట్టము

దెబ్బ తగిలిన వెంటనే ఇంటివారు తాళియు భూమియు తాకట్టు పెట్టుదురు. అంతకుముందు విచారింపవలసినవి కొన్ని కలవు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ తెలంగాణమున 2023 డిసెంబరునుండి కుటుంబమునకు ఏడాదికి 10 లక్షల రూపాయలవఱకు పెంచబడినది. రోడ్డుప్రమాదమున గాయపడినవారికి, నిర్దేశించిన ఆస్పత్రులలో 7 దినములవఱకు, 1,50,000 రూపాయలకు మించకుండ, చేతిసొమ్ము చెల్లింపకయే చికిత్స చేయు పథకమును 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. కార్ఖానాలలోని మన వారికి ఈ.ఎస్.ఐ. కలదు. పనికి పోవునప్పుడుగాని వచ్చునప్పుడుగాని దారిలో కలిగిన ప్రమాదము, ఉద్యోగముతో సంబంధము రుజువైనచో, పనిలో కలిగిన గాయముగానే ఎన్నబడునని 2010 నాటి సవరణము చెప్పినది. ఎందఱో దీని నెఱుగక హక్కును పోగొట్టుకొన్నారు. పోలీసు నివేదికను, ఆస్పత్రి కాగితములను, జీతపు చీటీలను ఒక సంచిలో భద్రపఱపుడు. ప్రమాదపరిహారపు దావాకు 2019 నాటి సవరణము 6 నెలల గడువు పెట్టినది. "ముందు మనిషి లేవనిమ్ము" అని ఆలసింపకుడు.

దారిలో పడినవానిని చూచి "మనకెందుకు, పోలీసుల తిరుగుడు" అని తప్పుకొనువారికి ఒక మాట. సహాయము చేసినవానిని బాధింపరాదని, వాని ఇష్టము లేక పేరైనను అడుగరాదని ఆ 2019 సవరణముననే చట్టము చేసిరి. మేము చెప్పిన గృహస్థుని బ్రదికించినది పేరు చెప్పని ఆ బాటసారియే.

మా విన్నపము

ఇప్పుడు అసలు మాటకు వచ్చుచున్నాము. ఈ మహాసభ యెదుట కల్యాణమండపమునకు మేడ వేయు తీర్మానము కలదు. పోషకులు ఉదారముగా విరాళములు ప్రకటించిరి. వారికి మా నమస్కారములు. పెండ్లికి మూడు దినములు మండపము కావలెను, నిజమే. కాని ఆస్పత్రి వసారాలో నలువది రాత్రులు గడపు ఆడుబిడ్డకు తల దాచుకొను గది యొక్కటియు లేదు. హైదరాబాదున 1918లో రెడ్డి వసతిగృహమును స్థాపించిన పెద్దలు కులధనమును చదువుకొను బిడ్డల గదులుగా మార్చిరి. మనము దానిని రోగి చెంత నిలుచువారి గదులుగా మార్పలేమా? మేడ ఒక ఏడు ఆగవచ్చును; ఈ పని ఆగదు.

మా ప్రార్థనలు నాలుగు.

మొదటిది: హైదరాబాదున పెద్ద ఆస్పత్రుల సమీపమున రెండు గదులు అద్దెకు తీసికొని, వంటపాత్రలతో సిద్ధముగా నుంచవలెను. స్నానము చేసి, నాలుగు మెతుకులు తిని, ఆఱు గంటలు నిద్రించు చోటు ఉన్నచో ఉపస్థాత నిలుచును.

రెండవది: ప్రతి గ్రామశాఖయు రాత్రి వంతునకు వచ్చువారి పట్టిక వ్రాసి యుంచవలెను. పదునలుగురు చేరినచో ఒక్కొక్కరికి పక్షమునకు ఒక్క రాత్రి మాత్రమే వచ్చును. మగవారు ఈ పట్టికలో ముందుగా పేర్లు వ్రాయింపవలెను; శుశ్రూష ఆడుదాని జన్మహక్కని ఏ శాస్త్రమును చెప్పలేదు. చరకుడు చెప్పిన నాలుగు గుణములలో స్త్రీత్వము లేదు.

మూడవది: గాలిపరుపు, చక్రాలకుర్చీ, గొంతులోని కఫమును లాగు యంత్రము మొదలగువానిని సంఘము కొని, ఎరువిచ్చి, పని తీఱిన పిదప తిరిగి తీసికొనవలెను. ఒక యింట పని తీఱిన వస్తువు వేఱొక యింటికి ప్రాణాధారమగును.

నాలుగవది: ఆస్పత్రికి పోవునపుడు పండ్లు మానుడు, ప్రశ్నలు మానుడు. ఇంటివారు ఒక్కరిని వైద్యునితో మాట్లాడుటకు ఏర్పఱచుకొని, ఆయన చెప్పినదానిని తేదీతో ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. తక్కిన బంధువులు గ్రామశాఖ కార్యదర్శినే విచారింపవలెను. చూడబోవువారు "ఏమైనది?" అనక, "ఈ రాత్రి మేము కూర్చుందుము" అనవలెను. "ఏమైన కావలసిన చెప్పుడు" అనుట ఆ యింటివారిపై ఇంకొక పని వేయుటయే. కష్టములో నున్నవానికి అడుగు నోరు రాదు. కావలసినదానిని చూచి చేయువాడే బంధువు.

నేతపని ఎఱిగిన మీకు మేము ఇంతకన్న చెప్పనేల? పడుగులో పోగు తెగినప్పుడు మగ్గమును ఆపి అప్పుడే అతుకుదుము; తెగిన పోగును చూచి జాలిపడి ముందుకు నేయుచు పోయినచో బట్ట పాడగును. ఆ కోడలికి పదునలుగురు తోడున్నచో ఆమె బీడీల పనియు, ఆ చిన్నవాని చదువును, ఆ పాపకు తల్లి ఒడియు దక్కియుండెడివి. అది కోట్ల రూపాయల పని కాదు. పదునలుగురి నిద్ర, పక్షమునకు ఒక్క రాత్రి.

పట్టిక వ్రాయుటకు కాగితము కార్యదర్శిగారి బల్లపై నుంచితిమి. అఱువది దాటినవారమైనను మొదటి పేరు మేము వ్రాసితిమి. సభ ముగియులోపల రెండవ పేరు ఎవరిదో చూడగోరుచున్నాము.